సైగాన్ చూడ్డానికి వెళ్తున్నారా? హలాల్ తిండి, నమాజ్, డబ్బు లెక్క ముందే తెలుసుకోండి

నిజామాబాద్, బోధన్ ప్రాంతంలో ముస్లిం కుటుంబాలకు విదేశీ ప్రయాణం అంటే ఎక్కువగా రెండే. ఒకటి హజ్, ఉమ్రా. రెండోది పని కోసం గల్ఫ్. ఈమధ్య ఇంకోటి కలిసింది. పిల్లల సెలవులకనో, కొత్త జంట కోసమనో, రిటైరైన అమ్మీ, అబ్బాలకు చూపిద్దామనో వియత్నాం ప్యాకేజీల గురించి అడిగేవాళ్లు పెరుగుతున్నారు. థాయిలాండ్, మలేషియా కంటే కొత్తగా ఉంటుంది, ఖర్చు కూడా చేతిలో ఉంటుంది అనేది కారణం. 2025లో వియట్‌జెట్ సంస్థ హైదరాబాద్ నుంచి హో చి మిన్ సిటీకి నేరుగా విమానం మొదలుపెట్టాక ఈ ఆలోచన ఇంకా దగ్గరైంది. విమానంలో కూర్చుంటే నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం. బోధన్ నుంచి బస్సులో శంషాబాద్ చేరడానికి పట్టే టైమూ దాదాపు అంతే.

అయితే గల్ఫ్ అలవాటుతో వియత్నాం వెళ్తే ఇబ్బంది పడతారు. దుబాయ్‌లోనో, జెద్దాలోనో హోటల్‌కి వెళ్తే ఇది హలాలా కాదా అని అడగాల్సిన పని ఉండదు. అజాన్ వినబడుతుంది, మసీదు నడిచేంత దూరంలో ఉంటుంది, మన భాష తెలిసినవాడు ఎవడో ఒకడు తగులుతాడు. వియత్నాంలో ఇవేవీ వాటంతటవి దొరకవు. పది కోట్ల జనాభాలో ముస్లింలు అక్కడి జనాభా లెక్కల ప్రకారం లక్షలోపే. అక్కడ పంది మాంసం రోజువారీ తిండి. అలాగని ముస్లిం కుటుంబానికి పనికిరాని ఊరు కాదు. హలాల్ హోటళ్లు ఉన్నాయి, మసీదులు ఉన్నాయి. కాకపోతే ఎక్కడున్నాయో తెలిసి వెళ్లాలి, తెలియనిచోట అడగాలి. టికెట్ తీసే ముందు చూసుకోవాల్సిన విషయాలు ఇవీ.

ఊరు ఒకటే, పేర్లు రెండు

హో చి మిన్ సిటీ, సైగాన్ ఒకే ఊరు. 1975 ఏప్రిల్ 30న యుద్ధం ముగిసింది. మరుసటి ఏడాది 1976లో ఊరికి హో చి మిన్ పేరు పెట్టారు. కానీ జనం నోట్లో ఇప్పటికీ సైగానే. విమానం టికెట్ మీద కూడా ఎస్‌జీఎన్ అనే ఉంటుంది, అది సైగాన్‌కు గుర్తు. విమానాశ్రయం పేరు టాన్ సన్ న్యాట్. ఊరి నడిబొడ్డుకు ఏడెనిమిది కిలోమీటర్ల దూరమే గానీ ట్రాఫిక్‌లో గంట పట్టినా ఆశ్చర్యం లేదు.

చిరునామాల విషయంలో ఒక చిక్కు ఉంది. పాత వీడియోల్లో, పాత మ్యాపుల్లో 'డిస్ట్రిక్ట్ 1', 'డిస్ట్రిక్ట్ 8' అని కనిపిస్తుంది. 2025 జులై 1 నుంచి వియత్నాం ప్రభుత్వం డిస్ట్రిక్టులు తీసేసింది. పక్కనున్న బిన్ జువాంగ్, బా రియా-వుంగ్ టావ్ ప్రాంతాలను కూడా ఇదే నగరంలో కలిపింది. ఇప్పుడు చిరునామాలో వార్డు పేరు వస్తుంది. జనం మాత్రం ఇంకా పాత నంబర్లే చెప్తారు. అందుకే హోటల్ బుక్ చేసేటప్పుడు వీధి పేరు, ఇంటి నంబరు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవాలి. నగరం పెద్దదైంది కాబట్టి 'హో చి మిన్ సిటీలో హోటల్' అని రాసి సముద్రం పక్కన వుంగ్ టావ్‌లో గది ఇచ్చినా కాగితం మీద అది అబద్ధం కాదు. మొదటిసారి వెళ్లే కుటుంబానికి బెన్ థాన్ మార్కెట్ చుట్టుపక్కల గది దొరికితే మంచిది. హలాల్ హోటళ్లు, పెద్ద మసీదు, చూడాల్సిన చోట్లు అన్నీ అక్కడికి నడిచేంత దూరంలోనే ఉంటాయి.

వీసా: పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా ఖర్చే

మన పాస్‌పోర్టుకు వియత్నాం వీసా తప్పనిసరి. ఇంట్లో కూర్చుని ఈ-వీసా పెట్టుకోవచ్చు. 2023 ఆగస్టు నుంచి ఈ-వీసా 90 రోజుల వరకు ఇస్తున్నారు. ఒకసారి వెళ్లి రావడానికి ఫీజు 25 డాలర్లు, ఎన్నిసార్లైనా వెళ్లి రావడానికి 50 డాలర్లు. అంటే ఒక మనిషికి ఉట్టి ప్రభుత్వ ఫీజు రెండు వేల రూపాయల పైన. వెబ్‌సైట్ పేరు చివర 'గవ్ డాట్ వీఎన్' అని ఉంటేనే అది వియత్నాం ప్రభుత్వానిది. అచ్చం అలాగే కనిపించే ప్రైవేటు సైట్లు చాలా ఉన్నాయి, అవి రెండింతలు, మూడింతలు తీసుకుంటాయి.

మన ఇళ్లల్లో ఎక్కువ తప్పులు దొర్లేది పేరు దగ్గర. ఆధార్‌లో మొహమ్మద్, పాస్‌పోర్టులో ఎండీ, టికెట్ మీద మహమ్మద్ అని ఉంటే కౌంటర్ దగ్గర సమాధానం చెప్పుకోవాలి. వీసా, టికెట్ రెండింటి మీదా పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లు పోకుండా ఉండాలి. తప్పు పడితే కట్టిన ఫీజు వాపసు రాదు. పాస్‌పోర్టు గడువు ఇంకా ఆరు నెలలు మిగిలి ఉందో లేదో కూడా చూసుకోవాలి. పాస్‌పోర్టు కోసం హైదరాబాద్ పోవాల్సిన పని లేదు, నిజామాబాద్‌లోనే సేవా కేంద్రం ఉంది.

గల్ఫ్‌కి వెళ్లొచ్చిన చాలామంది పాస్‌పోర్టుల మీద 'ఈసీఆర్' ముద్ర ఉంటుంది. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు పనికి వెళ్లేటప్పుడు ముందస్తు అనుమతి తీసుకోవాల్సిన 18 దేశాల జాబితాలో వియత్నాం లేదు. కాబట్టి టూరిస్టుగా వెళ్లడానికి ఆ ముద్ర అడ్డం కాదు. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్ కాగితాలు మాత్రం చేతిలో ఉండాలి.

లక్షల నోట్లు, వందల విలువ

వియత్నాం డబ్బును డాంగ్ అంటారు. మన ఒక్క రూపాయికి సుమారు 300 డాంగ్‌లు వస్తాయి. రేటు రోజూ కాస్త మారుతుంది. టీ కొట్టులో బిల్లు 30 వేలు, భోజనానికి 2 లక్షలు అని చూస్తే మొదటి రోజు గుండె గుభేల్ మంటుంది. దీనికి ఒక చిన్న లెక్క ఉంది. మూడు సున్నాలు తీసేసి, మూడుతో గుణించి, వచ్చినదానికి పదో వంతు కలపాలి. లక్ష డాంగ్‌లు అంటే 100 మిగులుతుంది, మూడుతో గుణిస్తే 300, పదో వంతు కలిపితే 330 రూపాయలు. కూరగాయల మార్కెట్‌లో లెక్కలు చేసే మన అమ్మలకు ఇది రెండు నిమిషాల పని.

జాగ్రత్త పడాల్సింది నోట్ల రంగు దగ్గర. 20 వేల నోటు, 5 లక్షల నోటు రెండూ నీలం రంగులోనే ఉంటాయి. మొదటిది సుమారు 66 రూపాయలు, రెండోది 1,650 రూపాయలు. రాత్రిపూట టాక్సీలో తొందరగా ఇచ్చేస్తే ఒకదానికి ఒకటి మారిపోతుంది. ఆ రెండు నోట్లను పర్సులో వేర్వేరు అరల్లో పెట్టుకోవాలి.

మన ఫోన్‌పే, గూగుల్‌పే అక్కడ నడుస్తాయని నమ్ముకుని వెళ్లొద్దు. ఇక్కడ డాలర్లు తీసుకుని, అక్కడ బ్యాంకులోనో, లైసెన్స్ ఉన్న మార్పిడి కౌంటర్‌లోనో డాంగ్‌లు చేసుకోవడం మేలు. మడతలు పడ్డ, గీతలున్న డాలర్ నోట్లు తీసుకోవడానికి అక్కడ ఒప్పుకోరు.

ప్యాకేజీ తీసుకునేవాళ్లు ఇంకో విషయం అడగాలి. విదేశీ టూర్ ప్యాకేజీ అమ్మేవాళ్లు బిల్లు మీద టీసీఎస్ అని ఒక పన్ను వసూలు చేస్తారు. రేటు బడ్జెట్‌ను బట్టి మారుతుంటుంది. ఇది పోయే డబ్బు కాదు. మీ పాన్ నంబరు మీద జమ అవుతుంది. ఆదాయపు పన్ను రిటర్న్ వేసేటప్పుడు కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవచ్చు, పన్నే లేకపోతే వాపసు తీసుకోవచ్చు. చాలామంది రిటర్న్ వేయక ఈ డబ్బు వదిలేసుకుంటున్నారు. ఇంట్లో ఎవరి పాన్ మీద బిల్లు వేయించాలో ముందే అనుకోవాలి, రసీదు దాచుకోవాలి.

'ఇండియన్ ఫుడ్' అంటే హలాల్ అని కాదు

ప్యాకేజీ కాగితంలో 'ఇండియన్ లంచ్, ఇండియన్ డిన్నర్' అని ఉంటుంది. అందులో మాంసం హలాల్ అని ఎక్కడా రాసి ఉండదు. డబ్బు కట్టకముందే ఏ హోటల్, అక్కడి చికెన్ ఎక్కడి నుంచి వస్తుంది అని వాట్సాప్‌లోనైనా సరే రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి. చెప్పలేకపోతే వెజ్ రాయించుకోవడం నయం.

సొంతంగా తినాలనుకుంటే గుర్తుపెట్టుకోవాల్సిన వీధి ఒకటుంది. బెన్ థాన్ మార్కెట్ పక్కనే న్గుయెన్ ఆన్ నిన్ అనే చిన్న వీధి. మలేషియా నుంచి వచ్చే ముస్లిం టూరిస్టుల కోసం అక్కడ హలాల్ హోటళ్లు వరసగా వెలిశాయి. అందుకే దాన్ని మలేషియా వీధి అని కూడా పిలుస్తారు. హిజాబ్‌లు, స్కార్ఫులు, బట్టల దుకాణాలూ అక్కడే. దుకాణాల్లో మలయ్ మాట్లాడేవాళ్లు కనిపిస్తారు. వియత్నాం వంటలు హలాల్‌గా తినాలంటే ఇదే తేలికైన చోటు. మసీదు ఉన్న డోంగ్ డు వీధి పరిసరాల్లో కూడా హలాల్, భారతీయ హోటళ్లు ఉన్నాయి.

మిగతా ఊళ్లో బోర్డులు చదవడం వస్తే సగం భయం పోతుంది. వియత్నాం భాషను ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాస్తారు, పైనా కిందా గుర్తులు ఉంటాయి. ఆ గుర్తులను పట్టించుకోకుండా అక్షరాలు చూస్తే చాలు. హెచ్, ఈ, ఓ అని మూడక్షరాలు కనిపిస్తే పంది. ఉత్తరాన హనోయ్ వైపు అదే మాటకు ఎల్, ఓ, ఎన్ అని రాస్తారు. జీ, ఏ అంటే కోడి. బీ, ఓ అంటే గొడ్డు మాంసం. సీ, ఏ అంటే చేప. సీ, హెచ్, ఏ, వై అని ఉంటే శాకాహారం. బౌద్ధులు నెలలో కొన్ని రోజులు మాంసం మానేస్తారు కాబట్టి ఈ శాకాహార హోటళ్లు ఊరంతా ఉంటాయి. హలాల్ హోటల్ దగ్గర్లో లేనప్పుడు ఇవే దిక్కు.

కొన్ని వంటలు చూసి మోసపోవద్దు. బాన్ సెయో అని ఒక అట్టు ఉంటుంది. బియ్యప్పిండిలో పసుపు కలిపి పెనం మీద కరకరలాడేలా పోస్తారు. పసుపు పండే నిజామాబాద్ వాళ్లకు అది దోసెలాగే కనిపిస్తుంది. మామూలు హోటళ్లలో దాని లోపల పెట్టేది రొయ్యలూ, పంది మాంసమూ. బాన్ మీ అనే రొట్టె శాండ్‌విచ్‌లో కోడిగుడ్డు అడిగినా లోపల ముందుగా రాసే ముద్ద తరచుగా పంది కాలేయంతో చేసిందే. ఫో అనే నూడుల్స్ సూప్ ఆ దేశపు పేరున్న వంటకం. కోడితో చేసినా, గొడ్డు మాంసంతో చేసినా జబహ్ చేసిన మాంసం కాదు కాబట్టి మామూలు హోటల్‌లో అది హలాల్ అవదు. హలాల్ హోటళ్లలో అదే ఫో దొరుకుతుంది, అక్కడ రుచి చూడొచ్చు.

'పంది లేదు' అనే బోర్డుకు, 'హలాల్' అనే బోర్డుకు తేడా ఉంది. మొదటిది పంది మాంసం వండరని మాత్రమే చెప్తుంది. మిగతా మాంసం గురించి, వంటలో పోసే సారా గురించి ఏమీ చెప్పదు. ఇక సముద్రపు తిండి. పీతలు, స్క్విడ్‌లు, నత్తలు అక్కడ వీధి వీధినా అమ్ముతారు. షాఫయీ మస్లక్‌వాళ్లకు అందులో చాలావరకు అభ్యంతరం లేదు. మన దగ్గర ఎక్కువమంది హనఫీలు కాబట్టి చేప తప్ప మిగతావాటి దగ్గర ఆగాలి. రొయ్యల మీద ఉలమాల్లో రెండు మాటలున్నాయి. అనుమానం ఉన్నవాళ్లు తమ మహల్లా ఆలిమ్‌ను వెళ్లే ముందే అడిగి పెట్టుకోవాలి.

చిన్నపిల్లలు, షుగర్ ఉన్న పెద్దవాళ్లు వెంట ఉంటే ఇంటి నుంచి కొంత తిండి తీసుకెళ్లడం మంచిది. మాంసం లేని పొడులు, రొట్టెలు, ఖిచిడీ ప్యాకెట్లు చాలు. చవక విమానాల్లో భోజనానికి, సామానుకు విడిగా డబ్బులు కట్టాలి, టికెట్ ధర చూసి మురిసిపోకుండా అది కూడా లెక్కేసుకోవాలి.

మనవాళ్లు కట్టిన మసీదు

సైగాన్ నడిబొడ్డున, డోంగ్ డు వీధి 66 నంబరులో తెల్లటి గోడలతో, నాలుగు మీనార్లతో ఒక మసీదు ఉంది. చుట్టూ ఆకాశాన్నంటే హోటళ్లు, ఆఫీసులు. ఆ మసీదును 1935లో కట్టించింది దక్షిణ భారతదేశం నుంచి వెళ్లిన ముస్లిం వ్యాపారులు. అప్పట్లో సైగాన్ ఫ్రెంచివారి చేతిలో ఉండేది. మన దేశంలో పుదుచ్చేరి, కారైకాల్, యానాం కూడా ఫ్రెంచివారివే. ఒకే సర్కారు కింద ఉండడంతో తమిళ ముస్లింలు ఓడలెక్కి సైగాన్ వెళ్లి బట్టల కొట్లు పెట్టారు, డబ్బు మార్పిడి వ్యాపారం చేశారు. చెట్టియార్లు వడ్డీ వ్యాపారానికి వెళ్లారు. వాళ్లు కొలిచిన మారియమ్మన్ గుడి కూడా బెన్ థాన్ మార్కెట్‌కు దగ్గర్లోనే ఉంది. ఉత్తరాన హనోయ్‌లో ఉన్న ఒకే ఒక్క మసీదు అల్ నూర్‌ను కట్టించింది కూడా భారతీయ వ్యాపారులే.

1975 తర్వాత ఆ వ్యాపారుల్లో ఎక్కువమంది వెళ్లిపోయారు. మసీదు మాత్రం ఆగిపోలేదు. ఐదు పూటలా నమాజ్ జరుగుతోంది. స్థానిక ముస్లింలు, మలేషియా, ఇండోనేషియా నుంచి వచ్చినవాళ్లు, మన దేశం నుంచి పనికి వెళ్లినవాళ్లు జుమాకు ఒకే సఫ్‌లో నిలబడతారు. ఆడవాళ్లు ఎక్కడ నమాజ్ చదువుకోవాలో లోపలికి వెళ్లగానే అడిగితే చూపిస్తారు.

స్థానిక ముస్లింలు అంటే ఎక్కువమంది చామ్ జాతివాళ్లు. ఇప్పటి మధ్య వియత్నాంలో ఒకప్పుడు చంపా అనే రాజ్యం ఉండేది. ఆ రాజ్యం పోయాక చెదిరినవాళ్లలో చాలామంది ఇస్లాంలోకి వచ్చారు. కంబోడియా సరిహద్దులోని ఆన్ జాంగ్ ప్రాంతంలో వాళ్ల ఊళ్లు, మసీదులు ఉన్నాయి. అక్కడి నుంచి పని కోసం సైగాన్ వచ్చినవాళ్లు పాత డిస్ట్రిక్ట్ 8లో, జువాంగ్ బా చాక్ వీధి దగ్గర ఇరుకు సందుల్లో స్థిరపడ్డారు. జామివుల్ అన్వార్ మసీదు అక్కడిదే. టూరిస్టు ప్రదేశం కాదు, బతుకుతున్న మహల్లా. వెళ్లాలనుకునేవాళ్లు నమాజ్ టైముకు వెళ్లడం, ఇళ్లను, ఆడవాళ్లను ఫోటోలు తీయకపోవడం మర్యాద.

నమాజ్ విషయంలో మూడు మాటలు. ఖిబ్లా మన దగ్గరలాగే పడమర, కాస్త ఉత్తరం వైపు. టైము మనకంటే గంటన్నర ముందు నడుస్తుంది. అసర్ దగ్గర మాత్రం తికమక పడతారు. చామ్‌లు షాఫయీలు కాబట్టి మన హనఫీ టైముకన్నా ముందే అక్కడ అసర్ జమాత్ అయిపోతుంది. ఫోన్‌లో అజాన్ యాప్ ఉంటే ఏ పద్ధతిలో పెట్టి ఉందో చూసుకోవాలి. పదిహేను రోజుల్లోపు ఉండి వచ్చే హనఫీ ముసాఫిర్‌కు నాలుగు రకాతుల ఫర్జ్ రెండే అవుతుంది. అక్కడి ఇమామ్ వెనక నిలబడితే పూర్తిగా నాలుగు చదవాలి.

రోడ్డు దాటడం ఒక విద్య

సైగాన్‌లో 70 లక్షలకు పైగా మోటార్ సైకిళ్లు ఉన్నాయి. సిగ్నల్ లేనిచోట అవి ఆగవు. మన ఖలీల్‌వాడి, బస్టాండ్ చౌరస్తాల్లో రోడ్డు దాటినవాళ్లకు కూడా మొదటిసారి కాలు కదలదు. అక్కడి పద్ధతి ఏమంటే, ఒకే వేగంతో నెమ్మదిగా నడుచుకుంటూ పోవాలి. ఆగకూడదు, ఉరకకూడదు, వెనక్కి రాకూడదు. బండ్లవాళ్లు మన నడకను అంచనా వేసి పక్కనుంచి వెళ్లిపోతారు. సగంలో బెదిరి వెనక్కి తిరిగితేనే ప్రమాదం. బస్సులు, లారీలు వస్తుంటే మాత్రం ఆగాల్సిందే. పిల్లల చేతులు వదలొద్దు. పెద్దవాళ్లు ఉంటే సిగ్నల్ దగ్గరే దాటాలి.

టాక్సీకి గ్రాబ్ యాప్ వాడితే బేరం ఉండదు, ఎంతవుతుందో ముందే తెలుస్తుంది. 2024 డిసెంబర్ 22న మొదటి మెట్రో లైన్ మొదలైంది. బెన్ థాన్ నుంచి సువోయ్ టియెన్ వరకు దాదాపు 20 కిలోమీటర్లు, 14 స్టేషన్లు. చివరిదాకా టికెట్ మన లెక్కలో 70 రూపాయల లోపే. చిన్నపిల్లలతో వెళ్లినవాళ్లకు ఊరు చూడ్డానికి ఇదే సుఖం.

దొంగతనాల సంగతి కూడా చెప్పుకోవాలి. బండి మీద వచ్చి ఫోన్, హ్యాండ్‌బ్యాగ్ లాక్కెళ్లడం అక్కడ పాత సమస్య. రోడ్డు అంచున నిలబడి ఫోన్ చూడొద్దు. బ్యాగ్ రోడ్డు వైపు కాకుండా గోడ వైపు వేసుకోవాలి. బంగారం ఇంట్లోనే పెట్టి వెళ్లడం మంచిది. పాస్‌పోర్టు హోటల్ లాకర్‌లో, దాని ఫోటో ఫోన్‌లో ఉండాలి.

రెండు రోజుల్లో ఏం చూడొచ్చు

బెన్ థాన్ మార్కెట్ నుంచి నడక మొదలుపెట్టొచ్చు. గడియారం గోపురంతో ఉన్న ఈ మార్కెట్‌ను ఫ్రెంచివారు 1914లో పూర్తి చేశారు. చెప్పిన ధరలో సగం దగ్గర బేరం మొదలుపెట్టినా ఎవరూ ఏమీ అనుకోరు. అక్కడి నుంచి ఫ్రెంచి కాలపు పోస్టాఫీసు దగ్గరికి వెళ్లొచ్చు. 1891లో పూర్తయిన ఆ కట్టడంలో లోపల గోడల మీద పాత మ్యాపులు ఉంటాయి. ఇప్పటికీ ఉత్తరాలు తీసుకుంటారు, పిల్లలతో తాతకో నానమ్మకో ఒక కార్డు వేయించొచ్చు. పక్కనే పుస్తకాల వీధి. కాస్త దూరంలో ఇండిపెండెన్స్ ప్యాలెస్. 1975లో యుద్ధ ట్యాంకులు గేటు బద్దలు కొట్టి లోపలికి వెళ్లింది ఇక్కడికే.

యుద్ధ మ్యూజియం తప్పక చూడాల్సిందే గానీ చిన్నపిల్లలతో కాదు. అమెరికా విమానాలు చల్లిన ఏజెంట్ ఆరెంజ్ అనే విషం వల్ల దెబ్బతిన్న మనుషుల ఫోటోలు ఒక గది నిండా ఉంటాయి. పెద్దవాళ్లే బయటికి వచ్చి మాట్లాడకుండా కూర్చుంటారు. కుటుంబంలో ఒకరు పిల్లలతో ఆవరణలోని విమానాలు, ట్యాంకుల దగ్గర ఉండి, మిగతావాళ్లు వంతులవారీగా లోపలికి వెళ్తే సరిపోతుంది. రెండో రోజు కూచీ సొరంగాలు. వియత్నాం గెరిల్లాలు భూమి కింద తవ్విన దారులు అవి, మొత్తం 200 కిలోమీటర్లకు పైనే. ఊరి నుంచి వెళ్లడానికి రెండు గంటల దాకా పడుతుంది. వంగి నడవాల్సి ఉంటుంది కాబట్టి మోకాళ్ల నొప్పులు, ఆయాసం ఉన్నవాళ్లు లోపల దిగొద్దు. అప్పట్లో ఆ సైనికులు తిన్న ఉడికించిన కర్రపెండలం వచ్చినవాళ్లకు రుచి చూపిస్తారు. అది అందరూ తినొచ్చు.

డిసెంబర్ నుంచి ఏప్రిల్ వరకు వానలు ఉండవు. మే నుంచి నవంబర్ దాకా సాయంత్రాల్లో ఒక్కసారిగా కుంభవృష్టి పడుతుంది. జనవరి, ఫిబ్రవరిల్లో వచ్చే వాళ్ల కొత్త సంవత్సరం టెట్ రోజుల్లో దుకాణాలు మూసి ఉంటాయి, హోటల్, విమానం ధరలు పెరుగుతాయి. ఆ వారం తప్పించుకోవడం మేలు.

బోధన్ వాళ్లకు తెలిసిన తీపి, తెలిసిన చేదు

సైగాన్ వీధుల్లో ప్రతి మూలా చెరకు రసం బండి కనిపిస్తుంది. అక్కడ దాన్ని నుయోక్ మియా అంటారు. చెరకుతో పాటు చిన్న నారింజలాంటి పుల్లటి కాయ ఒకటి కలిపి పిండుతారు. గ్లాసు యాభై రూపాయల లోపే. హలాలా కాదా అనే ప్రశ్న లేకుండా తాగగలిగేది ఇదొకటి, కండెన్స్‌డ్ మిల్క్ వేసిచ్చే చల్ల కాఫీ ఇంకొకటి. ఐస్ శుభ్రమైనదో కాదో చూసుకుంటే చాలు.

ఆ చెరకు వెనక కథ బోధన్ వాళ్లకు బాగా అర్థమవుతుంది. సైగాన్‌కు వాయవ్యంగా టే నిన్ ప్రాంతం వియత్నాంలో చెరకు బెల్ట్. 2020లో ఆగ్నేయాసియా దేశాల ఒప్పందం ప్రకారం వియత్నాం చక్కెర మీద దిగుమతి అడ్డంకులు తీసేసింది. థాయిలాండ్ నుంచి చవక చక్కెర వచ్చి పడింది. ధర పడిపోయి రైతులు చెరకు మానేశారు, మిల్లులు మూతపడ్డాయి. ఆ ప్రభుత్వం 2021లో థాయి చక్కెర మీద 47.64 శాతం అదనపు సుంకం వేసింది. ఇక్కడ 1937లో పుట్టి, ఆసియాలోనే పెద్దదని పేరు తెచ్చుకున్న నిజాం షుగర్స్ 2015 డిసెంబర్‌లో లేఆఫ్‌తో ఆగిపోయింది. కారణాలు రెండు చోట్లా ఒకటి కావు. కానీ మిల్లు గొట్టం ఆగితే రైతు నుంచి బజారులో టీ కొట్టుదాకా ఏమవుతుందో టే నిన్ మనిషికీ, బోధన్ మనిషికీ ఒకేలా తెలుసు.

'టూరిస్ట్ వీసా మీద వెళ్లు, అక్కడ జాబ్ ఉంది' అంటే నమ్మొద్దు

ఇది అన్నిటికంటే ముఖ్యం. మన జిల్లాలో పని దొరకని పిల్లలు గల్ఫ్ దారి పట్టడం కొత్త కాదు. ఇప్పుడు కొందరు ఏజెంట్లు వియత్నాం, థాయిలాండ్, కంబోడియా పేర్లు చెప్తున్నారు. డేటా ఎంట్రీ పని, నెలకు వెయ్యి డాలర్లు, ముందు టూరిస్ట్ వీసా మీద వెళ్లు, తర్వాత అక్కడే వర్క్ పర్మిట్ చేయిస్తాం అంటారు. వియత్నాం టూరిస్ట్ వీసా మీద పని చేయడం నేరం.

సైగాన్ నుంచి కంబోడియా సరిహద్దు 70 కిలోమీటర్ల దూరమే. సరిహద్దు దాటగానే బావెట్ అనే ఊరు. కాసినోలకు, ఆన్‌లైన్ మోసాలు చేయించే కాంపౌండ్లకు ఆ ఊరు పేరు మోసింది. అలాంటి చోట్ల పాస్‌పోర్టు లాక్కుని, ఫోన్‌లో మన దేశం వాళ్లనే మోసం చేయమని కొట్టి మరీ పని చేయిస్తారు. 2024 మార్చి నాటికి కంబోడియా నుంచి సుమారు 250 మంది భారతీయులను విడిపించి వెనక్కి తెచ్చినట్టు విదేశాంగ శాఖ ప్రకటించింది. చిక్కుకున్నవాళ్లలో తెలంగాణ పిల్లలూ ఉన్నారు.

కాబట్టి ఇంట్లో అబ్బాయి ఒక్కడే 'వియత్నాం టూర్' అంటే నాలుగు ప్రశ్నలు అడగడం తల్లిదండ్రుల బాధ్యత. తిరుగు టికెట్ ఉందా? హోటల్ ఎవరు బుక్ చేశారు? డబ్బు ఎవరు పెడుతున్నారు? అక్కడ ఎవరు వచ్చి తీసుకెళ్తారు? విదేశంలో ఉద్యోగం ఇప్పించే ఏజెంటుకు ప్రభుత్వ లైసెన్స్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడొచ్చు. ఇప్పటికే ఎవరైనా చిక్కుకుపోతే 1930 సైబర్ హెల్ప్‌లైన్‌కు చెప్పాలి. హో చి మిన్ సిటీలో భారత కాన్సులేట్ ఉంది. దాని అత్యవసర నంబరు వెళ్లేవాళ్ల ఫోన్‌లోనే కాదు, ఇంట్లో ఉన్నవాళ్ల దగ్గర కూడా రాసి ఉండాలి.

డబ్బు కట్టే ముందు అడగాల్సినవి

ప్యాకేజీ ఎవరి దగ్గర తీసుకున్నా ఈ మాటలు రాసి ఇమ్మనాలి. హోటల్ ఏ వీధిలో ఉంది, బెన్ థాన్ మార్కెట్‌కు ఎంత దూరం? ఏ రోజు ఏ హోటల్‌లో భోజనం, అది హలాలా, వెజ్జా? శుక్రవారం జుమా టైముకు బస్సు ఎక్కడ ఉంటుంది, డోంగ్ డు మసీదు దగ్గర దింపుతారా? వీసా ఫీజు, సామాను, ప్రవేశ టికెట్లు ప్యాకేజీలో కలిసే ఉన్నాయా? టీసీఎస్ ఎంత, ఎవరి పాన్ మీద? ప్రయాణం రద్దయితే ఎంత వాపసు ఇస్తారు?

నిజాయితీగా వ్యాపారం చేసేవాడు వీటికి ఒక్క రోజులో జవాబు పంపుతాడు. 'అదంతా అక్కడికెళ్లాక చూస్కుందాం భాయ్' అంటే ఇంకొకరిని చూసుకోవాలి.